వంగపూత రంగు బూజు, మా వేర్ల సారు

నరహరి సారు పరమపదించారు. కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల పసుపు పండించే ప్రతి ఇంటికీ 'వేర్ల సారు'గా పరిచితులైన ఆ పుణ్యమూర్తి, పదిహేను రోజులు గుండెజబ్బుతో పెనుగులాడి, కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో తుదిశ్వాస విడిచారు. ఆ వార్త ఫోనులో విన్నప్పుడు నేను చందుర్తి దగ్గర ఒక వంకాయ తోటలో ఉన్నాను. కాళ్ళ కింద నేల కదిలిపోయిందని రాయడం ఇలాంటి వ్యాసాలకు ఆనవాయితీ. నాకు అలాంటిదేమీ కాలేదు. నిజం చెప్పాలంటే నాకు మొదట గుర్తొచ్చింది సారు ముఖం కూడా కాదు. కోరుట్లలో వారి ఇంటి వెనక గదిలో, చెక్క అరల మీద వరుసగా పేర్చి ఉండే గాజు సీసాలు గుర్తొచ్చాయి. వాటికి ఏమవుతుందోనన్న భయం పట్టుకుంది. గురువు పోయిన క్షణంలో సీసాల గురించి ఆలోచించిన శిష్యురాలిని ఏమనాలో మీరే నిర్ణయించుకోండి. సంస్మరణ సంచికకు సారు గొప్పతనం గురించి రెండు పేజీలు రాసివ్వమని నిర్వాహకులు అడిగారు. అది తప్పక రాస్తాను. దాని వెంబడే ఆ సీసాల సంగతి కూడా రాయక తప్పదు, ఎందుకంటే సారు జీవితమంతా వాటిలోనే ఉండేది.

సారు శాస్త్రవేత్త కారు. జగిత్యాలలో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో సహాయకుడిగా చేరి, సహాయకుడిగానే పదవీ విరమణ చేశారు. పుట్టింది సిరిసిల్లలో, నేత కుటుంబంలో. మరమగ్గాల చప్పుడులో పెరగడం వల్ల ఆయన జీవితాంతం కాస్త గట్టిగానే మాట్లాడేవారు. కొత్తవాళ్ళకు తిడుతున్నట్టే వినిపించేది. బట్టలో అంగుళానికి ఎన్ని పోగులు పడ్డాయో చూసుకునే చిన్న మడత భూతద్దం ఒకటి తండ్రి దగ్గర నుంచి ఆయనకు వచ్చింది. దానితో ఆయన బట్టను చూడలేదు, వేర్లను చూశారు. పెళ్ళికి పిలిస్తే అక్షింతలు వేసి వచ్చేదారిలో పందిరికి కట్టిన అరటిచెట్టు మొదలు గోటితో గీకి చూసేవారు. "సారూ, అది ఎట్లాగూ ఎల్లుండి ఎండిపోతది" అని పెళ్ళివారు నవ్వితే, అది వచ్చిన తోటలో మిగతావి ఎండకూడదు కదా అని తోట ఎవరిదో కనుక్కునేవారు.

ఆయన జీవితాన్ని ధారపోసింది నులిపురుగు మీద పోరాటానికి. ఈ సంచిక చదివేవాళ్ళలో పట్నంలో ఉన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. నులిపురుగు మట్టిలో ఉంటుంది, కంటికి ఆనదు. లేత వేరులోకి దూరి కూర్చుంటుంది. వేరు ఉబ్బి బుడిపె కడుతుంది. ఆ బుడిపె మీద గసగసాల గింజంత జిగురు ముద్ద పెట్టి, అందులో వందల గుడ్లు దాస్తుంది. పైన మొక్క చాలా రోజులు పచ్చగానే ఉంటుంది. తరువాత ఒక రోజు చేను మధ్యలో మంచమంత జాగాలో ఆకు పసుపుబారుతుంది. రైతు నీళ్ళు చాలలేదనుకుని నీళ్ళు పెడతాడు, ఎరువు చాలలేదనుకుని ఎరువు వేస్తాడు. మరుసటి ఏడు ఆ మంచం మడి అంతవుతుంది. ఆ తరువాత అది ఎవరి చేనో గట్టు చూసి ఆగదు. "మీద పచ్చగున్నదని నమ్మకు బిడ్డా, కిందికి పోయి సూడు" అనేవారు సారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఏ పచ్చటి చేను చూసినా నాకు కొంచెం భయంగానే ఉంటుంది.

నాకు సారు పరిచయమైంది మేడిపల్లిలో మా నాన్న చేనులో. ఆ ఏడు మా అక్క అత్తగారింటి నుంచి పసుపు విత్తనం వచ్చింది. మా వైపు విత్తనపు కొమ్ములు ఇచ్చిపుచ్చుకోవడం చుట్టరికంలో భాగం. వియ్యంకులు పంపిన కొమ్మును ఏరి చూడటం, పుచ్చు తీయడం మర్యాద కాదు. కళ్ళకద్దుకుని భూమిలో పెట్టాలి. మా నాన్న అలాగే పెట్టాడు. రెండేళ్ళకు చేను సగం పసుపుబారింది. ఎవరో చెప్పగా వచ్చిన సారు మిగిలి ఉన్న విత్తనపు కొమ్మును చాకుతో అడ్డంగా కోసి, లోపల నీరుపట్టినట్టున్న గోధుమరంగు మచ్చలు చూపించారు. పురుగు బయటినుంచి రాలేదని, గంపలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నారని అన్నారు. మా నాన్నకు కోపం నషాళానికి అంటింది. "వియ్యపోళ్ళ విత్తనానికి వంక పెడుతున్నవా?" అని చాకు లాక్కున్నాడు. సారు తగ్గలేదు. "విత్తనానికి పెడుతున్న, వియ్యపోళ్ళకు గాదు" అన్నారు. ఆ మాటకు మా నాన్న చాకు తిరిగిచ్చి, ఆయన్ను అన్నానికి పిలిచాడు.

అన్నం తిన్నాక సారు చేనంతా తిరిగారు. తూర్పు మూలన చింతచెట్టు నీడ పడే చోట ఒక చిన్న ముక్క మాత్రం ఏపుగా ఉంది. అందరం అది నీడ వల్ల అనుకున్నాం. సారు అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని ఒక మొక్క తవ్వి, వేర్లు చెంబులో కడిగి, భూతద్దం కంటికి ఆనించి చాలాసేపు కదలకుండా ఉండిపోయారు. బుడిపెలు ఉన్నాయి. కానీ వాటి మీది గుడ్లముద్దలు మాడినట్టు, ముడుచుకుపోయి, సన్నటి బూజు కప్పి ఉన్నాయి. ఆ బూజు రంగు వంగపూత రంగు. మన మట్టిలోనే పుట్టి, ఈ పురుగు గుడ్లలోకి దూరి వాటిని తినేసే శిలీంధ్రం అది. ఇలాంటివి దుకాణాల్లో ప్యాకెట్లుగా వస్తాయని నాకు తరువాత తెలిసింది. ఎండకు కాగిన గోదాముల్లోంచి వచ్చేసరికి వాటిలో చాలాభాగం చచ్చి ఉంటాయని కూడా తెలిసింది. మా చేను మూలలో దొరికినది మాత్రం మా ఎండలను తట్టుకుని బతికింది. సారు ఆ వేర్లను తడిగుడ్డలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని జగిత్యాల బస్సెక్కారు. నేనప్పుడు వ్యవసాయ డిప్లొమా చదువుతున్నాను. ఆ రోజు నుంచి ఆయన శిష్యురాలినయ్యాను.

ఆ బూజును బతికించడం ఒక నిత్యవ్రతం. జొన్నలు నానబెట్టి, సీసాల్లో పోసి, దూది బిరడా పెట్టి, ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించి చల్లార్చాలి. దీపం పక్కన పాత సీసాలోంచి నాలుగు గింజలు కొత్తదాంట్లోకి వేయాలి. కొన్నాళ్ళకు గింజలు తెల్లబడి, తరువాత వంగపూత రంగుకు తిరుగుతాయి. నలభై రోజులకోసారి ఇది మళ్ళీ చేయాలి. పదవీ విరమణ తరువాత సారు కోరుట్ల ఇంటి వెనక గదిలో ఈ పని ఒక్క నెల కూడా తప్పలేదు. ముక్కుకు గుడ్డ, కళ్ళకు అద్దాలు లేకుండా ఎవరినీ ఆ గదిలోకి రానిచ్చేవారు కాదు. ఏడాదికొకసారి సీసాలోని బూజును పురుగుపట్టిన కుండీలో వేసి, అక్కడ గుడ్లు తిన్నదాన్నే మళ్ళీ వెతికి తెచ్చి సీసాలోకి ఎక్కించేవారు. ఎందుకు సార్ ఇంత శ్రమ అంటే, "ఉత్త జొన్నలు తిని బతికితే ఇది పని మరుస్తది. ఏడాదికోపారి వేటకు తోలాలె" అనేవారు. చేనులో వేయడానికి ముందు సీసాలోని గింజలను చివికిన పశువుల ఎరువులో కలిపి, నీడలో తడిపి, గోనె కప్పి రెండు మూడు వారాలు ఉంచాలి. అప్పుడు కుప్పంతా బూజు పాకుతుంది. అలా ఎన్ని చేన్లు నిలబడ్డాయో సారు ఎక్కడా రాసుకోలేదు. నిలబడని వాటిని మాత్రం ఎప్పుడూ చెబుతుండేవారు.

బూజుకు తోడు బంతి. బంతి వేరులో ఉండే ఘాటు నులిపురుగుకు విషం. పసుపు సాళ్ళ మధ్య దగ్గర దగ్గరగా బంతి వేయమంటే మొదట ఎవరూ వినలేదు, పూలతోటలు పెట్టడానికి మేమేమన్నా మాలీలమా అని వెక్కిరించారు. సారు మగవాళ్ళతో మాట్లాడటం మానేసి ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళారు. బతుకమ్మకు పూలు ఇంటిముందరే దొరుకుతాయన్నారు. ఇక చూడండి, ఊరూరా బంతి. కానీ బతుకమ్మ ముందు రోజు మరో ఆపద వచ్చిపడింది. ఒక్కొక్క పువ్వు తెంపే తీరిక లేక, ఆడవాళ్ళు మొక్కలకు మొక్కలే వేళ్ళతో సహా పీకి మోపులు కట్టుకుపోయారు. ఆ మరుసటి ఏడు నుంచి సారు పెత్రమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు ముందే ఊళ్ళు తిరిగి, గట్టు మీద నిలబడి పెద్ద గొంతుతో చెప్పేవారు: "పువ్వు మీది, వేరు నాది. పువ్వు తెంపుకోన్రి, నా వేరు నాకు ఉండనియ్యిన్రి." మా మేడిపల్లిలో ఇప్పటికీ పూలు తెంపేటప్పుడు ఎవరైనా మొక్క పీకబోతే పక్కవాళ్ళు 'సారు వేరు' అని ఆపుతారు.

ఆయన కాఠిన్యం కూడా చెప్పాలి. కోరుట్ల శివారులో యూసుఫ్ భాయ్ అని టమాటా, మిరప నారు పెంచి అమ్మే ఆయన ఉన్నారు. ఒకరోజు సారు నాలుగు బంతి మొక్కల కోసం వెళ్ళి, అలవాటు కొద్దీ ఒక టమాటా నారుమొక్క పీకి మగ్గులో కడిగి చూశారు. సన్నటి బుడిపెలు. మళ్ళలో ఉన్న నారంతా మరునాడే ఊళ్ళకు పోవాల్సి ఉంది. యూసుఫ్ భాయ్, "పది ఊర్లకు మాటిచ్చిన సారూ" అన్నారు. సారు అక్కడే స్టూలు వేసుకుని కూర్చుని, "మాట ఇచ్చినవ్, పురుగు ఇయ్యకు" అన్నారు. మధ్యాహ్నం దాకా కదల్లేదు. చివరికి యూసుఫ్ భాయే లేచి, నారుమళ్ళన్నీ తన చేత్తో పీకి కుప్పపోసి నిప్పు పెట్టారు. కానీ అప్పటికే ఒక విడత నారు పొద్దున్నే ఆటోలో చందుర్తి వైపు వెళ్ళిపోయింది. ఇద్దరూ కలిసి రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగి దాన్ని వెనక్కి తెచ్చారు. ఇద్దరు రైతులు మాత్రం ఇవ్వలేదు, అప్పటికే నాటేశామన్నారు. ఆ రెండు మళ్ళలో ఇవాళ టమాటా పండదు. వాటి పక్క మళ్ళలో పోయినేడు నుంచి ఆకు పసుపుబారుతోంది. నా వ్యవసాయ శాఖ ఉద్యోగం చందుర్తి మండలంలోనే కాబట్టి, ఆ దారిన పోయినప్పుడల్లా అది ఎంత దూరం వచ్చిందో చూస్తూనే ఉంటాను.

ఇప్పుడు చెప్పబోయే సంఘటనలో నేనూ ఉన్నాను. ముస్తాబాద్‌లో రాజలింగు అనే రైతుకు సారు టమాటాలోకి రెండు సీసాలిచ్చారు. పంట పోయింది. సారుతో పాటు నేను వెళ్ళాను. వేర్లలో బూజు ఆనవాలే లేదు. బావి దగ్గర డ్రమ్ములో నీలం రంగు చార కట్టి ఉంది. అది కుళ్ళు మందు రంగు. కుళ్ళు మందంటేనే బూజును చంపేది. రెండు పనులు ఒకేసారి అయిపోతాయని రాజలింగు రెండూ ఒకే డ్రమ్ములో కలిపి పోశాడు. అడిగితే మొదట లేదన్నాడు, వేరేవేరే పోశానన్నాడు. సారు చార వంక వేలు చూపించేసరికి తల దించుకుని ఒప్పుకున్నాడు. సారు గొంతు ఆ రోజు పెద్దగా లేదు. "సచ్చిపోతే సచ్చిపోయిందని చెప్పు. దాస్తే నేను దేన్ని నమ్మాలె?" అని మాత్రం అన్నారు. ఆ సాయంత్రమే కోరుట్ల నుంచి కొత్త సీసాలు తెప్పించి అతని చేతిలో పెట్టారు. చెప్పినవాడికి సారు ఎప్పుడూ మళ్ళీ ఇచ్చేవారు. ఇది నాకు తెలుసు. నా కళ్ళ ముందు జరిగింది కాబట్టి, తెలియదని నేను అనలేను.

రెండేళ్ళ కిందట సారు నాకు నాలుగు సీసాలిచ్చారు. "ఒక్కింట్లనే ఉంటే నాకు నిద్రపట్టది బిడ్డా. రెండిండ్లల్ల ఉండాలె" అన్నారు. చందుర్తిలో నా అద్దె గదిలో అర కొట్టించి పెట్టాను. ఏడాది పాటు బాగానే చూసుకున్నాను. రైతుల సమావేశాల్లో సారు నన్ను లేపి నిలబెట్టి, నా తరువాత సుజాత ఉన్నది అని చెప్పేవారు. అందరూ చప్పట్లు కొట్టేవారు. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. ఆ గర్వమే నా కొంప ముంచింది. పోయిన వానాకాలం పంటల నమోదు పనిలో పడి ఊళ్ళ వెంట తిరుగుతూ, నలభై రోజుల గడువు ఒకసారి కాదు, రెండుసార్లు దాటించాను. అర దగ్గరికి వెళ్ళి చూసేసరికి దూది బిరడాలను చీమలు తొలిచేశాయి. గింజల మీద పచ్చబూజు, నల్లబూజు. వంగపూత రంగు ఎక్కడా లేదు. నాలుగు సీసాలూ కడిగి బోర్లించాను.

ఆ వారంలోనే సారు ఫోను చేశారు. మన బూజు ఎట్లున్నదని అడిగారు. "మంచిగున్నది సార్" అన్నాను. అబద్ధం చెప్పాలని అనుకోలేదు. వచ్చే ఆదివారం వెళ్ళి చెప్పి కొత్తవి తెచ్చుకుంటాను కదా అనుకున్నాను. ఆదివారం వెళ్తే అక్కడ పదిమంది రైతులున్నారు. సారు నన్ను చూపించి, ఇదిగో మన రెండో ఇల్లు వచ్చింది అన్నారు. అంతమందిలో ఎలా నోరు విప్పడం? మరోసారి వెళ్ళినప్పుడు సారు ఒక్కరే ఉన్నారు. అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పకుండా, ఆయన చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే ముక్కుకు గుడ్డ కట్టుకుని వెనక గదిలోకి వెళ్ళి ఒక సీసా చేతిలోకి తీసుకున్నాను. దాన్ని సంచిలో వేసుకోబోతుండగా రెండు గ్లాసులతో సారు గుమ్మంలో నిలబడ్డారు. "ఏం బిడ్డా, రంగు మంచిగచ్చిందా?" అని అడిగారు. మంచిగ వచ్చింది సార్ అని సీసా అరలో పెట్టేశాను. నోరు విప్పి అడిగితే రెండు చేతులా ఇచ్చే మనిషి దగ్గర దొంగతనానికి వెళ్ళి, అది కూడా చేతకాక తిరిగొచ్చాను.

సారు ఆసుపత్రిలో ఉండగా ఒకసారి చూడటానికి వెళ్ళాను. సారు భార్య శకుంతలమ్మ గారు, మేం అమ్మ అని పిలిచే ఆవిడ, మంచం పక్కన ఉన్నారు. అప్పటికి పది రోజులుగా కోరుట్ల ఇంటికి తాళం వేసి ఉంది. సారు మూతి మీది ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "గడువు దగ్గరికచ్చింది" అన్నారు. సీసాల గడువు. తన గడువు గురించి ఆయన మాట్లాడలేదు. నేను చూసుకుంటాను సార్ అన్నాను. ఆయన ముఖం ఎంత తేలికపడిందంటే, ఆ తేలికను చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను. అమ్మను తాళం అడగాలనుకున్నాను. ఆ పరిస్థితిలో బూజు సీసాల కోసం తాళం అడగడానికి నోరు రాలేదు. నీ దగ్గర ఉండగా ఇవెందుకు అంటే ఏం చెప్పాలి అన్న భయం కూడా ఉంది. సారు నాలుగు రోజుల్లో ఇంటికి వస్తారని నర్సు చెప్పిన మాట పట్టుకుని తిరిగొచ్చాను.

అంత్యక్రియల రోజు ఇల్లు జనంతో కిక్కిరిసింది. ఎన్ని ఊళ్ళ నుంచి వచ్చారో. మట్టి చేతులతో వచ్చి దండం పెట్టుకుని వెళ్ళిన వాళ్ళే ఎక్కువ. యూసుఫ్ భాయ్ పాడె మోశారు. ఆ రోజు వెనక గది వైపు వెళ్ళే వీలే లేదు. మూడోనాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. మైల తీయడానికి ఇల్లంతా కడిగి, వెనక గదికి సున్నం వేస్తున్నారు. పెరటి గోడ మీద సీసాలు వరుసగా బోర్లించి ఉన్నాయి, ఎండకు తళతళలాడుతున్నాయి. ఒక్కదానిలోనూ ఒక్క గింజ లేదు.

నన్ను చూసి అమ్మ దగ్గరికి రమ్మన్నారు. బంధువులెవరో తెలియక పారబోశారేమోనని నేను అనుకుంటున్నాను, లోలోపల మండిపడుతున్నాను కూడా. అమ్మే చెప్పారు, పోవడానికి ముందురోజు సారు తనతో అన్న మాటలు. ఎంత ఓపిక కూడగట్టుకుని అన్నారో అంత నెమ్మదిగా చెప్పారు. "నేను పోతే ఇల్లు కడుగుతరు, సున్నం ఏస్తరు. తెల్వనోళ్ళు ముట్టుకుంటరు. చిన్నపిల్లలస్తరు, కండ్లల్ల పడితే మంచిది గాదు. సుజాత దగ్గర ఉన్నది గదా. ఇంట్లవి మరిగే నీళ్ళు పోసి పారెయ్యిన్రి." ఇది చెప్పి అమ్మ నా చెయ్యి పట్టుకున్నారు. "నీ దగ్గరున్నది మంచిగున్నది గద బిడ్డా?"

"ఉన్నదమ్మా" అన్నాను.

ఆ మాట అని కోరుట్ల బస్టాండుకు ఎలా వచ్చానో నాకు తెలియదు. అటునుంచి అటే మేడిపల్లి వెళ్ళి, బూజు మొదట దొరికిన మా చేను తూర్పు మూల తవ్వాను. పసుపు ఎప్పుడో తీసేశారు, మట్టి గడ్డకట్టి ఉంది. నాన్న పోయినేడు దుంపకుళ్ళు వస్తుందేమోనని చేనంతా కుళ్ళు మందు పోశాడట, ఆ మూలను కూడా వదలకుండా. ముస్తాబాద్‌లో రాజలింగు చేను వరి మడి అయి నీళ్ళలో ఉంది. సారు ఎరువు పడ్డ చేన్లు గుర్తున్నంత వరకు తిరిగి మట్టి తెచ్చి, నా గదిలో పన్నెండు సీసాల్లో ఉడికించిన జొన్నల మీద చల్లాను. సీసాల్లో పురుగుపట్టిన వేరు ముక్కలు కూడా వేసి చూశాను. ఇప్పటిదాకా పచ్చవి, నల్లవి, తెల్లవి వచ్చాయి.

నిన్న అమ్మ దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. చాటలో బియ్యం ఏరుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. సంచికలో కూడా రాస్తున్నానని చెప్పాను. అమ్మ చాట పక్కకు జరిపి, "ఆయన అడిగితే జెప్పకపోతివి. నేనడిగితే జెప్పకపోతివి. ఇప్పుడు కాయితం మీద రాసి ఊరందరికి జెప్తవా?" అన్నారు. ఆమె మళ్ళీ చాట ఒళ్ళోకి లాక్కుని, "రాయి. కని పుస్తకం అచ్చేదాక ఆగకు. నీ దగ్గరున్నదని సారు జెప్పిండని రైతులు పసుపు పెట్టుకుంటున్నరు. ముందుగాల పోయి వాళ్ళకు జెప్పు" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

అందుకే ఈ వ్యాసం చివరి భాగం రాసేముందు, ఇవాళ పొద్దున మేడిపల్లిలో భూమయ్య చేనుకు వెళ్ళాను. మా పక్క చేను రైతు ఆయన. పురుగు తగ్గడానికి సారు చెప్పినట్టే పోయినేడు పసుపు మానుకుని, చేనంతా బంతి వేసి కలియదున్నాడు. ఈ ఏడు బూజు ఎరువుతో పసుపు పెట్టుకోవచ్చని సారే మాటిచ్చారు. రాత్రి తొలకరి పడింది. నేను వెళ్ళేసరికి సగం చేనులో కొమ్ములు పెట్టేశారు. మొలక వచ్చాక సాళ్ళలో వేసుకోవడానికి, వేపచెట్టు నీడలో చివికిన ఎరువు కుప్ప తడిపి, గోనె కప్పి సిద్ధంగా ఉంది. పక్కనే కొత్త పార. నన్ను చూసి భూమయ్య గోనె తీశాడు, "నీ కోసమే తడిపి పెట్టిన మేడం" అన్నాడు. పైపైన కొంచెం ఎరువు తీసి పిడికిట్లో పిసికి, తేమ సరిపోయిందా అని చెయ్యి చాపాడు.

నిలబడే చెప్పాను. బూజు లేదని, నా చేతిలో చచ్చిపోయిందని, సారుకు చెప్పలేదని. ఆయన పెట్టిన సాళ్ళ వైపు చూశాడు. మబ్బు వైపు చూశాడు. చేతిలోని ఎరువును కుప్ప మీద వదిలేసి, చెయ్యి పంచెకు తుడుచుకుంటూ అడిగాడు.

"మరి పెట్టిన విత్తనం తియ్యాల్నా, ఉంచాల్నా?"

బంతి ఒక్కటే ఆ పురుగును ఆపుతుందా? ఏడాది విరామంతో ఎన్ని గుడ్లు చచ్చాయి, ఎన్ని మిగిలాయి? ఒక మొక్క పీకి, కడిగి, కంటికి ఆనించుకుని, ఉంచు అనో తియ్యి అనో చెప్పగలిగిన మనిషి ఈ నేల మీద ఒక్కరే ఉండేవారు. మహాత్ములు పోతే లోటు తీరనిదని ఎన్నో సభల్లో విన్నాను, నేనూ రెండుమూడు సార్లు అన్నాను. దాని అర్థం నాకు ఇవాళ భూమయ్య గట్టు మీద తెలిసింది. నరహరి సారు పాదాలకు నమస్కరిస్తున్నాను. భూమయ్య ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు. కూలీలు కొమ్ముల గంపలు నెత్తిన పెట్టుకుని, మిగతా సగం చేను వైపు నడుస్తున్నారు.